రంగుల పట్టిక

న్యూమన్ ఊరవతల గనిలో
ఆడవాళ్ల గది తలుపు వెనక ఒక పట్టిక అంటించారు.
పైన పలచటి నిమ్మరసం రంగు,
కిందికి పోయేకొద్దీ బెల్లప్పాకం.
"నీ మూత్రం ఏ రంగు?" అని పెద్ద అక్షరాలు.
నాది కింది నుంచి రెండోది, ఎప్పుడూ.
ఆ గది నుంచి గని అడుగుకి
పదకొండు కిలోమీటర్లని పట్టికకేం తెలుసు.

మూడున్నరకు లేస్తాను.
ఇక గుక్క నీళ్లు ముట్టను.
పంతొమ్మిదేళ్లుగా డంపర్ నడుపుతున్న నొరీన్
మొదటి వారమే చెవిలో చెప్పింది:
"టీ వద్దు. పుచ్చకాయ అసలే వద్దు.
గొంతెండితే చూయింగ్ గమ్ నమిలి ఊరుకో."
అమ్మ నాకు ఏ వంటా ఇంత శ్రద్ధగా నేర్పలేదు.

నా బండి నూట పదిహేడు.
పద్దెనిమిది మెట్లెక్కి కూర్చుంటే
కింద నేలంతా
ఎండుమిరపకాయలు ఆరబోసిన కళ్లం.
నలభై నాలుగు డిగ్రీలు.
బండికి దాహమైతే రేడియోలో డీజిల్ అడుగుతాను,
సిగ్గేం లేదు దానికి.

మగవాళ్లు టైరు చాటుకు పోయొస్తారు.
నిమిషం పని, ఎవరూ లెక్క రాయరు.
నేను దిగాలంటే మాత్రం
నాలుగో ఛానెల్లో, ముప్పై ఒక్క మంది వింటుండగా,
"నూట పదిహేడు, ఆగుతున్నా" అనాలి.
"కారణం?" అంటాడు డిస్పాచ్ కుర్రాడు.
తెలిసే అంటాడు.
నెలలో ఆ నాలుగు రోజులు
సీటు మీద మడతపెట్టిన తువ్వాలు,
పైన నల్ల ప్యాంటు, లోపల లెక్కలు.

ఇల్లందులో నాన్న బొగ్గుబాయికి పోయేటోడు.
ఆడమనిషి దిగితే బాయి అలుగుతదనేటోడు.
ఇక్కడ గని అలగలేదు నాన్నా,
నా పొత్తికడుపు అలిగింది.
జూన్‌లో రెండుసార్లు జ్వరం.
క్యాంపు నర్సు మాత్రలిచ్చి
"నీళ్లు బాగా తాగాలమ్మా" అంది,
గోడ మీద అదే పట్టిక చూపించి.

అక్టోబర్‌లో నా బండికి గులాబీ రంగేశారు,
రొమ్ము క్యాన్సర్ అవగాహన కోసం.
పెర్త్ నుంచి ఫొటో తీసేవాడు విమానంలో వచ్చాడు.
మెట్ల మీద నిలబెట్టి నవ్వమన్నాడు.
నవ్వాను, మోకాళ్లు దగ్గరికి నొక్కిపట్టి.
ఏమైనా చెప్తారా అని మేనేజర్ అడిగితే
"ఈ రంగు డబ్బులతో అడుగున ఒక గది వచ్చేది" అన్నాను.
పత్రికలో నా నవ్వు ఒక్కటే వచ్చింది.

క్యాంపులో నా పక్క గది కీరన్‌ది.
అట్టపెట్టె లాంటి గోడ.
రాత్రి కూతురితో ఫోన్ మాట్లాడి పెట్టేసి
కుళాయి తిప్పి వదిలేస్తాడు.
ఇరవై నిమిషాలు, ఒక్కోసారి ముప్పై.
అంతసేపు ఎవరూ ముఖం కడుక్కోరు.
పొద్దున బస్సులో "ఎలా ఉన్నావ్?" అంటే
బొటనవేలు లేపుతాడు.
అతనికే పట్టికా లేదు.

జనవరిలో ఒకనాడు
కుప్ప అంచుకు ముప్పై అడుగుల ముందు
కీరన్ బండి ఆగిపోయింది.
"నూట తొమ్మిది, కారణం?"
గరగర.
"నూట తొమ్మిది, కారణం చెప్పు."
ఊపిరి మాత్రం వినిపిస్తోంది, కుళాయి లేకుండా.

అప్పుడు నొరీన్ గొంతు, సంతలో కూరలమ్మినట్టు:
"నూట నాలుగు. నాకు ఒంటేలుకొచ్చింది. ఆగుతున్నా."
నాలుగో ఛానెల్ నోరు మూసుకుంది.
నా వేలు మీట మీద.
"నూట పదిహేను" అని తడబడి, దిద్దుకుని,
"నూట పదిహేడు. నాకూ అదే."

రెండు బండ్లూ అతని ముందూ వెనకా నిలిపాం.
నేను అతని మెట్లెక్కాను.
అతను స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఉన్నాడు.
ఏమీ అడగలేదు.
నా నీళ్ల సీసా, మూడున్నర నుంచి మూత తీయనిది,
అతనికిచ్చాను.
సగం తాగి తిరిగిచ్చాడు.
మిగతా సగం నేను తాగాను, గటగటా,
కడుపు చల్లగా ఉలిక్కిపడేదాకా.

పద్నాలుగు నిమిషాలు రాయి కదల్లేదు.
సాయంత్రం షిఫ్టు రిపోర్టు చూశాను.
మూడు బండ్లు, పద్నాలుగు నిమిషాలు.
కారణం గడిలో రాసి ఉంది:
మహిళా సిబ్బంది.